ఇది చాయ్ ఛన్నీ కాదు

ఆదివారం పొద్దున మన గల్లీల్లో కార్ల సఫాయి చూడండి. బకెట్టు, షాంపూ, అబ్బా పాత బనియన్. టైర్లకు నల్ల పాలిష్. అద్దానికి వేలాడే తస్బీహ్‌ను కూడా పిల్లలు పూసపూసా తుడుస్తారు. చివర్లో డ్యాష్‌బోర్డు మీద అత్తరు సీసా మార్చి, ఇక కారు కొత్త దుల్హన్‌లా ఉందని మురిసిపోతాం. ఆ కారులో కూర్చున్నవాళ్లు పీల్చే హవా ఎక్కడినుంచి వస్తోందని అడిగితే మాత్రం "ఏసీలోంచి" అంటారు. ఏసీ హవాను పుట్టించదు. రోడ్డు మీద ఉన్న హవానే లోపలికి లాక్కుని, చల్లబరిచి, మన మొహాల మీదికి వదులుతుంది. ముందు వెళ్తున్న లారీ పొగ, మెట్రో పిల్లర్ల కింది మట్టి, ఇసుక ట్రాక్టర్ల దుమ్ము, అన్నీ ఆ హవాలోనే ఉంటాయి.

వాటికీ మన ఊపిరికీ మధ్య ఉన్నది ఒకే ఒక్క పర్దా. ముందు సీట్లో కూర్చున్నవాళ్ల మోకాళ్ల ఎదురుగా, కాగితాలూ బిస్కెట్ ప్యాకెట్లూ కుక్కే డబ్బా వెనకాల, మడతలు మడతలుగా ఉండే తెల్లటి పలక. దాన్నే క్యాబిన్ ఎయిర్ ఫిల్టర్ అంటారు. బానెట్ కింద ఇంజన్ కోసం ఉండే ఎయిర్ ఫిల్టర్ వేరు, ఇది వేరు. అది ఇంజన్‌ను కాపాడుతుంది. ఇది మనుషుల్ని కాపాడుతుంది. సర్వీసింగుకు ఇచ్చినప్పుడు ఇంజన్ ఫిల్టర్ గురించి అందరూ అడుగుతారు. రెండోదాన్ని ఎవరూ గుర్తు చేసుకోరు.

ఈ ఫిల్టర్‌ను ఇంట్లోనే, మన చేతులతోనే బయటికి తీసి దులపాలన్నది నా రాయ్. దులపాలి, కడగకూడదు. రెండు మూడుసార్లు దులిపాక పారేయాలి. ఈ మూడు మాటల్లో మొదటిదానికి మనవాళ్లు బద్ధకిస్తారు, రెండోదానికి వాదిస్తారు, మూడోదానికి బాధపడతారు.

నాకు దీని మీద ఇంత పట్టుదల ఎందుకంటే మా అమ్మీకి దమా. మాది తాండూరు. నాపరాళ్ల ఊరు, సిమెంటు ఊరు. మా అబ్బా బండల పాలిష్ కార్ఖానాలో హిసాబ్ రాసేవారు. రాయి కోసేవాళ్లు కాకపోయినా ఆయన సాయంత్రం ఇంటికొచ్చేసరికి కనుబొమ్మలు తెల్లగా ఉండేవి. గర్ద్ అంటే మాకు ఇంటి చుట్టం లాంటిది, ఎప్పుడొచ్చినా ఆశ్చర్యపోయేవాళ్లం కాదు. అమ్మీ ఖాంసీ కూడా అలాగే ఇంట్లో ఒక చప్పుడైపోయింది. ఇప్పుడు ఆమెను హైదరాబాద్ దవాఖానాకు చూపించడానికి తీసుకొస్తుంటే, నూటపది కిలోమీటర్లకు పైగా ప్రయాణం. చేవెళ్ల దారిలో మర్రిచెట్ల నీడ ఎంత హాయిగా ఉంటుందో, మధ్యలో తవ్వి వదిలేసిన చోట్ల ధూళి అంత లేస్తుంది. అద్దాలన్నీ ఎక్కించి, ఏసీ వేసి, ముందు సీట్లో అమ్మీని కూర్చోబెట్టి, ఇక ఆమె భద్రం అనుకుంటాం. ఏసీ మూతి సరిగ్గా ఆమె మొహం వైపే ఉంటుంది. దాని వెనకాల రెండేళ్లుగా ఎవరూ చూడని ఫిల్టర్ ఉంటే ఆ భద్రం ఎంత?

ఇదంతా ఢిల్లీవాళ్ల పరేషానీ అనుకోవద్దు. కేంద్ర ప్రభుత్వం 2019లో జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు, గాలి ప్రమాణాలు అందుకోలేని ఊర్ల జాబితాలో హైదరాబాద్, పటాన్‌చెరు, నల్గొండ ఉన్నాయి. అటువైపు విజయవాడ, గుంటూరు, కర్నూలు, నెల్లూరు, విశాఖపట్నం ఉన్నాయి. మనందరి ఖాందాన్లు ఉన్న ఊర్లే. పీఎం 2.5 అని పేపర్లలో రాస్తుంటాం కదా, అది 2.5 మైక్రాన్లు, అంతకన్నా చిన్న నలుసుల లెక్క. మనిషి వెంట్రుక మందం సుమారు 50 నుంచి 70 మైక్రాన్లు. ఆ నలుసు ముక్కులో ఆగదు, గొంతులో ఆగదు, ఊపిరితిత్తుల అడుగు దాకా పోతుంది. ఏడాది సగటు ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు దాటకూడదని మన దేశం 2009లో పెట్టుకున్న హద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన హద్దు 5. ఈ రెండు అంకెల మధ్య ఉన్న దూరంలోనే మనం బతుకుతున్నాం.

మామూలు క్యాబిన్ ఫిల్టర్ కంటికి కనిపించే దుమ్మును, పుప్పొడిని బాగా పడుతుంది. అతి సన్న నలుసుల్లో కొంతే పడుతుంది. అయినా ఆ కొంత కూడా దమా ఉన్నవాళ్లకు తక్కువేమీ కాదు. కొన్ని కార్ల పుస్తకాల్లో దీన్ని పుప్పొడి ఫిల్టర్ అనే రాస్తారు. పుప్పొడి ఎక్కడో యూరప్ షౌక్ అని నవ్వుకోకండి. మన బైపాస్ రోడ్ల పక్కన తెల్లపూలతో విరగబూసే వయ్యారిభామ ఉంది చూశారూ, దాని పుప్పొడి చాలామందికి తుమ్ములూ ఉబ్బసమూ తెస్తుంది.

సరే, అసలు తగాదా దగ్గరికి వద్దాం. కడగడం.

"ఛన్నీచ్ హై నా, ధో డాలో" అంటుంది మా అమ్మీ. ఛన్నీ అంటే మన ఇళ్లలో చాయ్ వడగట్టేది. మనకు కడిగితే ప్రతిదీ కొత్తదే. బియ్యం సంచీ కడిగి పోఛా చేస్తాం, హార్లిక్స్ సీసా కడిగి మసాలా పోస్తాం. ఈ కిఫాయత్‌తోనే మా అమ్మీ ఐదుగురు పిల్లల్ని పెంచింది, దాన్ని వెక్కిరించే నోరు నాకు లేదు. అయితే ఛన్నీ పని చేసే తరీకా వేరు. ఛన్నీకి చిల్లులుంటాయి, చిల్లు కన్నా పెద్ద ఆకు ఆగుతుంది, అంతే. క్యాబిన్ ఫిల్టర్ అలా కాదు. అది నేసిన గుడ్డ కాదు, కాగితమూ కాదు. సన్నటి ప్లాస్టిక్ పోగుల్ని అడ్డదిడ్డంగా పరిచి అతికించిన దూది పొర లాంటిది. చాలా ఫిల్టర్లలో ఆ పోగులకు తయారీలోనే విద్యుత్ ఆవేశం ఎక్కిస్తారు. బళ్లో దువ్వెనను తలకు రుద్ది కాగితం ముక్కల్ని లాగేవాళ్లం, గుర్తుందా? అదే కథ. పోగుల మధ్య సందు కన్నా చిన్న నలుసు కూడా ఆ లాగుడుకి అతుక్కుంటుంది. సబ్బు నీళ్లలో ముంచామంటే ఆ లాగుడు పోతుంది. పోగులు చెదురుతాయి, మడతలు వంగుతాయి. ఆరాక చూస్తే ఫిల్టర్ తెల్లగా మెరుస్తుంది. తెల్లగా ఉన్నది కదా అని మనం ధోఖా తింటాం. సరిగ్గా ఆరకపోతే లోపల తేమ నిలిచి బూజు పడుతుంది, ఆ బూజును ఫ్యాన్ మన మీదికే ఊదుతుంది.

మా దుల్హేభాయ్ ఇలాగే చేశారు. సర్ఫ్‌లో నానబెట్టి, మిద్దె మీద ఎండేసి, మళ్లీ బిగించారు. ఏసీ హవా జోరు పెరిగింది. "దేఖో, ముఫత్ మే" అని ఖాందాన్ గ్రూపులో ఫొటో పెట్టారు. ఆపా కూడా మాషా అల్లా అని జవాబిచ్చింది. జోరు పెరగక ఏమవుతుంది? అడ్డుపడే దుమ్మూ పోయింది, దుమ్మును పట్టే గుణమూ పోయింది. కిటికీ జాలీ చింపేస్తే ఇంట్లోకి గాలి బాగానే వస్తుంది, దోమలూ వస్తాయి. నెల తిరక్కుండా డ్యాష్‌బోర్డు మీద వేలితో పేరు రాసేంత పొర పేరుకుంటోందని ఆపానే చెప్పింది. దుల్హేభాయ్‌కి ఈ మాట ఎదురుగా చెప్పే హిమ్మత్ నాకు లేదు, ఇక్కడ రాస్తున్నాను.

నల్లగా ఉండే ఫిల్టర్లు కూడా వస్తాయి. వాటిలో బొగ్గు పొడి ఉంటుంది. యాక్టివేటెడ్ కార్బన్ అంటారు, పొగ వాసనల్ని కొన్ని వాయువుల్ని పీల్చుకుంటుంది. ఆ బొగ్గు కడుపు నిండాక ఇంట్లో చేయగలిగిన ఇలాజ్ ఏదీ లేదు. ఎండలో పెట్టినా, ఊదినా లాభం లేదు. నీళ్లతో కడుక్కోవచ్చని తయారు చేసినవాళ్లే డబ్బా మీద రాసిన ఫిల్టర్లు బజారులో కొన్ని ఉన్నాయి. వాటిని కడగండి, తగాదా లేదు. అలా రాసి లేకపోతే నీళ్లు చూపించొద్దు.

ఇక దులపడం. కారు ఆఫ్ చేయండి, ఫ్యాన్ కూడా. లేకపోతే తీసేటప్పుడు రాలే ఆకులు తిన్నగా ఫ్యాన్ రెక్కల్లోకి పోతాయి. ముందున్న డబ్బా ఖాళీ చేయండి. మన ఇళ్లలో సగం టైం దీనికే, పెట్రోలు రసీదులూ, పోయినేడు షాదీ రుఖ్ఖాలూ, చప్పరించి వదిలేసిన మిఠాయిలూ వెళ్తాయి. చాలా చిన్న కార్లలో ఆ డబ్బా రెండు పక్కల్నీ లోపలికి నొక్కితే కిందికి వాలిపోతుంది. పక్కన ఒక సన్నటి దారమో, పుల్లలాంటి కడ్డీయో ఉంటే నెమ్మదిగా ఊడదీయాలి. కొన్నింటికి స్క్రూలుంటాయి. రాకపోతే బలవంతం చేయొద్దు, ఆ చుట్టుపక్కలే ఎయిర్‌బ్యాగ్ వైర్లు కూడా ఉండొచ్చు. కారుతో వచ్చిన పుస్తకంలో బొమ్మ ఉంటుంది. మా కారు పుస్తకం ఇంగ్లీషులోనే ఉంది. బళ్లో ఉర్దూలో చదివి, డిగ్రీ తెలుగులో చేసిన నాకు ఆ ఇంగ్లీషు కన్నా బొమ్మే ఎక్కువ చెప్పింది. లోపల అడ్డంగా ఒక పలుచటి మూత కనిపిస్తుంది. దాని క్లిప్పులు నొక్కి తీస్తే ఫిల్టర్ సొరుగులా బయటికొస్తుంది.

లాగే ముందు దాని అంచు మీద బాణం గుర్తు ఎటు ఉందో చూసుకోండి, ఫోన్‌లో ఒక ఫొటో తీసుకుంటే మరీ మంచిది. ఆ బాణం హవా పోయే దిశ. మళ్లీ పెట్టేటప్పుడు అటే ఉండాలి. మొదటిసారి తీసినప్పుడు ఏం కనిపిస్తుందో చెప్పలేను. మా కారులో వేపాకులు, ఒక చచ్చిన తూనీగ, సన్నటి ఇసుక. మా ఖాలా ఇంటి కారులో ఎలుక దూది పీకి గూడు కట్టుకుంది. మీరు చూసి ఛీ అంటారు. అనండి. ఇన్నాళ్లూ పిల్లలు దాని గుండానే ఊపిరి తీసుకున్నారు.

దులిపే పని ఆరుబయట చేయండి. మూతికి మాస్క్ కట్టుకోండి. ఖాంసీ, దమా ఉన్నవాళ్లను, పిల్లలను దగ్గరికి రానివ్వొద్దు. అపార్ట్‌మెంట్ బాల్కనీలోంచి దులిపితే కింది ఫ్లోర్ వాళ్ల బట్టల మీద పడుతుంది, హమ్‌సాయా హక్కు గుర్తుంచుకోండి. పాత పేపర్ పరిచి (నేను రాసిన పేపరైనా ఫర్వాలేదు), మురికి పట్టిన వైపు కిందికి పెట్టి వెనకనుంచి మెల్లగా తట్టాలి. మెత్తటి బ్రష్‌తో మడతల వెంట, అడ్డంగా కాకుండా, లాగాలి. ఇంట్లో వాక్యూమ్ ఉంటే తక్కువ జోరు మీద మురికి వైపునుంచే పీల్చాలి. పంక్చర్ షాపుకెళ్లి హవా గన్ పెట్టించొద్దు. ఆ జోరుకి పోగులు చిరుగుతాయి, సన్న దుమ్ము ఇంకా లోపలికి దూరుతుంది. ఫిల్టర్ కూర్చునే గూటిని పిండేసిన తడి గుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, బాణం చూసి తిరిగి పెట్టేయండి. మొత్తం కలిపి ఒక చాయ్ తాగే టైం. మా ఇంట్లో ఈ పని ఇప్పుడు తొమ్మిదో తరగతి చదివే మా బేటీది. సన్నటి చేతులు కదా, నాకన్నా త్వరగా తీస్తుంది. ఇది మగాళ్ల పని అని రాసిన కితాబ్ ఎక్కడా లేదు.

అద్దం కింద, వైపర్ల దగ్గరుండే జాలీలో ఆకులు కూడా ఏరేయండి. చాలా కార్లలో బయటి హవా లోపలికొచ్చేది అక్కడినుంచే. చెట్టు నీడ అని వేపచెట్టు కిందే రోజూ కారు పెట్టేవాళ్లకు ఈ పని తప్పదు.

"మరి దులిపితే చాలుగా, కొత్తది ఎందుకు?" అని అడుగుతారని తెలుసు. దులిపితే పైన ఉన్న ఆకులు, ఇసుక, మోటు దుమ్ము పోతుంది. పోగుల లోపల ఇరుక్కున్నది పోదు. దులపడం అంటే కొత్తది కొనే దాకా నడిపించుకోవడమే. కార్లను బట్టి ఏడాదికో, 10,000 నుంచి 20,000 కిలోమీటర్ల మధ్యనో మార్చమంటారు. మన దుమ్ములో ముందే మార్చాల్సి రావచ్చు. వెలుతురుకు అడ్డంగా పట్టి చూడండి, మడతల అడుగున బూడిద రంగు కదలకపోతే దాని ఆయుష్షు తీరింది. మామూలు చిన్న కార్లకు కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది. ఒక్క దావత్‌కు బట్టల ఇస్త్రీకి పెట్టే ఖర్చు. ఒక మాట: కొన్ని పాత చిన్న కార్లలో, తక్కువ ధర మోడళ్లలో కంపెనీ ఆ గూడు ఖాళీగానే వదిలేసింది. సెకండ్ హ్యాండ్ కారు కొన్నవాళ్లు ఫిల్టర్ మురికిగా ఉందా అని కాదు, అసలు ఉందా అని చూడాలి.

సర్వీస్ సెంటర్ బిల్లుల సంగతీ చెప్పాలి. మా చిచ్చా కారుకు ఒకచోట "ఏసీ క్లీనింగ్", "ఫిల్టర్ క్లీనింగ్" అని రెండు వరుసల్లో డబ్బు వేశారు. ఇంటికొచ్చాక తీసి చూస్తే ముందురోజు నేను గుర్తుగా చూసిన రావి ఆకు దాని మీద అలాగే హాయిగా పడుకుని ఉంది. ఇంకోచోట ఏసీ చల్లగా రావట్లేదంటే గ్యాస్ అయిపోయిందని నింపారు. మూడో రోజుకు మళ్లీ అదే. కొత్త ఫిల్టర్ వేశాక చిచ్చా చలికి శాలువా కప్పుకున్నారు. ఫిల్టర్ మూసుకుపోతే ఫ్యాన్ నాలుగో నంబరు మీద పెట్టినా చప్పుడు ఎక్కువ, హవా తక్కువ. వానాకాలంలో అద్దం మీది ఆవిరి త్వరగా పోదు. ఇవి కనిపిస్తే గ్యాస్ దాకా వెళ్లకముందు ఆ డబ్బా తెరవండి.

మెకానిక్ పనుల్లో ఉన్నవాళ్లు చాలామంది మన బిడ్డలే కదా, వాళ్ల రోజీ మీద కొడతావా అని మా దోస్త్ ఒకడు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. నా జవాబు: బ్రేకులు, క్లచ్, సస్పెన్షన్, ఏసీ కాయిల్, ఇవి ఉస్తాద్‌ల చేతి పనులు. వాటికి అడిగినంత ఇవ్వండి, బేరం చేయకండి. ఫిల్టర్ తీసి చూడటం హునర్ కాదు, పట్టింపు. అది ఇంటివాళ్లకే ఉంటుంది. తన అమ్మీ పీల్చే హవా మీద ఉన్న పట్టింపు డబ్బిచ్చి కొనగలిగేది కాదు.

ఈ విషయంలో అందరికన్నా ఎక్కువ నష్టపోయేది క్యాబ్‌లు నడిపే మన పిల్లలు. మా ఖాలా కొడుకు కిరాయి కారు నడుపుతాడు. రోజుకు పన్నెండు గంటలు అందులోనే. ఎక్కినవాళ్లు అరగంట పీల్చి దిగిపోతారు, వాడు దిగడు. కారు మాలిక్ ఇంజన్ ఆయిల్ తప్పకుండా మారుస్తాడు, ఎందుకంటే ఇంజన్ పోతే నష్టం మాలిక్‌ది. ఫిల్టర్ మార్చడు. ఊపిరితిత్తులు పోతే నష్టం మాలిక్‌ది కాదు కదా. వాడికి నేను చెప్పింది ఒకటే: మాలిక్ ఇచ్చే దాకా ఆగకు, ఎయిర్‌పోర్ట్ క్యూలో నిలబడ్డప్పుడు తీసి దులుపు, పండక్కి నీకు నువ్వే ఒక ఫిల్టర్ ఈదీ ఇచ్చుకో. కిరాయికి కార్లు తిప్పే మాలిక్‌లు దీన్ని చదువుతుంటే, కొన్ని వందల దగ్గర ఇంత కంజూసీ వద్దని అర్జీ.

ఫిల్టర్ చేయలేని పనులు కూడా ఉన్నాయి. కార్బన్ మోనాక్సైడ్‌ను అది ఆపలేదు. ఆ గ్యాస్‌కు రంగూ వాసనా లేవు. ఫంక్షన్ హాల్ బయట అద్దాలు ఎక్కించి, ఇంజన్ నడుస్తుండగా ఏసీ వేసుకుని పిల్లల్ని నిద్రపుచ్చే అలవాటు మనలో ఉంది. ఎంత కొత్త ఫిల్టర్ ఉన్నా అది ప్రాణాంతకం. ముక్కవాసనకూ ఫిల్టర్ ఒక్కటే కారణం కాదు, లోపల కాయిల్ మీది తేమ కూడా. ఇల్లు ఇంకో రెండు మూడు నిమిషాల్లో వస్తుందనగా ఏసీ ఆపి ఫ్యాన్ మాత్రం నడిపిస్తే ఆ తేమ కొంత ఆరుతుంది. అత్తరు చల్లితే వాసన దాక్కుంటుంది, బూజు ఎక్కడికీ పోదు. ఇక లోపలి హవానే తిప్పే బటన్: ముందు లారీ ఉన్నప్పుడు, తవ్విన రోడ్డు మీద నొక్కండి. ఏడుగురం ఇరుక్కుని కూర్చున్న కారులో గంటల తరబడి అలాగే వదిలేయొద్దు. మనం వదిలిన ఊపిరే మళ్లీ మళ్లీ పీల్చి తల బరువెక్కుతుంది, నడిపేవాడికి మగత వస్తుంది. రోడ్డు శుభ్రంగా ఉన్నచోట బయటి హవాను రానివ్వాలి.

కొత్త ఫిల్టర్ పెట్టేటప్పుడు దాని అంచు మీద తారీఖు, ఆ రోజు మీటరు మీది కిలోమీటర్లు మార్కర్‌తో రాయండి. మా కారులో ఇప్పుడున్నదాని మీద ఆ అంకెలు అమ్మీ ఉర్దూలో రాసింది. తిరిగేసినప్పుడల్లా మా బేటీకి చదవడం రాక, దాదీమాను కేకేస్తుంది.